బయటకు బుద్ధుడు, ఇంట్లో కులం

పొరుగు దేశాల ప్రజల మనసు గెలవడానికి భారత ప్రభుత్వం బుద్ధుణ్ని రాయబారిగా పంపుతోంది. ఆ బుద్ధుణ్ని ఇక్కడ తమవాడిగా ఎంచుకున్న దళితుల ఊసు మాత్రం ఆ రాయబారంలో ఎక్కడా వినిపించదు.

2022 మే 16, బుద్ధ పూర్ణిమ. ప్రధాని నరేంద్ర మోదీ ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ నుంచి హెలికాప్టర్‌లో బయలుదేరి నేపాల్‌లోని లుంబినిలో దిగారు. బుద్ధుడు కన్నుమూసిన చోటి నుంచి పుట్టిన చోటికి సాగిన ప్రయాణం అది. మాయాదేవి ఆలయంలో పూజ చేశారు. భారత్ నిధులతో కట్టే బౌద్ధ సంస్కృతి, వారసత్వ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. సరిగ్గా అదే రోజు లుంబినికి దగ్గర్లోని భైరహవాలో గౌతమ బుద్ధ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. దాన్ని కట్టింది చైనా కంపెనీ. భారత ప్రధాని అక్కడ దిగలేదు.

ఒకే రోజున ఒకే బుద్ధుడి పేరు మీద రెండు పెద్ద దేశాలు నేపాల్ ప్రజల ముందు నిలబడ్డాయి. ఎవరి బుద్ధుడు పెద్ద అన్న పోటీ మీద విశ్లేషణలు చాలానే వచ్చాయి. ఆ పోటీలో ఎవరు గెలుస్తారన్నది మన ప్రశ్న కాదు. బుద్ధుణ్ని తన ముఖంగా పెట్టుకుని పొరుగిళ్లకు వెళ్లే రాజ్యం, బుద్ధుణ్ని ఆశ్రయించిన తన సొంత ప్రజలను ఎలా చూస్తోంది? ఆ తేడా పొరుగువాళ్లకు కనిపించకుండా ఎలా చూసుకుంటోంది? దళిత ఉద్యమం అడగాల్సిన ప్రశ్నలు ఇవి.

ప్రభుత్వాల తల మీదుగా ప్రజలతో

మామూలు దౌత్యం రెండు ప్రభుత్వాల మధ్య జరుగుతుంది. మంత్రులు మాట్లాడుకుంటారు, అధికారులు సంతకాలు పెడతారు. పబ్లిక్ డిప్లమసీ, అంటే ప్రజా దౌత్యం, దారి వేరు. ఒక ప్రభుత్వం అవతలి దేశపు ప్రభుత్వాన్ని దాటి నేరుగా అక్కడి ప్రజలతో మాట్లాడుతుంది. స్కాలర్‌షిప్పులు, సాంస్కృతిక కేంద్రాలు, సినిమాలు, యాత్రలు, ఉచిత వైద్యం దాని పనిముట్లు. ఈ పేరు 1960ల్లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది కాని, పని అంతకన్నా పాతది.

భారత ప్రభుత్వం ఈ పనికి మొదటి నుంచీ సంస్థలు పెట్టుకుంది. 1950లో మౌలానా ఆజాద్ చొరవతో భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఏర్పడింది. 1964లో ఐటెక్ పేరుతో ఇతర దేశాల ఉద్యోగులకు, నిపుణులకు శిక్షణ ఇచ్చే పథకం మొదలైంది. 2006లో విదేశాంగ శాఖ ప్రజా దౌత్యం కోసమే ఒక విభాగం తెరిచింది.

నేపాల్‌లో ఇది ఊరి వీధి దాకా వెళ్లింది. 2003 నుంచి నడుస్తున్న చిన్న అభివృద్ధి ప్రాజెక్టుల కింద బడి గదులు, ఆరోగ్య కేంద్రాలు, తాగునీటి పథకాలు కడుతున్నారు. వెయ్యికి పైగా అంబులెన్సులను భారత్ నేపాల్‌కు కానుకగా ఇచ్చింది. ప్రతి బండి మీదా ఎవరిచ్చారో రాసి ఉంటుంది. కాన్పు నొప్పులతో ఉన్న తల్లిని కొండదారిలో ఆసుపత్రికి చేర్చిన బండి ఏ దేశానిదో ఆ ఇంట్లో గుర్తుండిపోతుంది. ఇందులో తప్పు పట్టాల్సింది లేదు. సాయం సాయమే. కాని ఆ సాయంతో పాటు ఒక కథ కూడా వెళ్తుంది. మేమెవరమో, మా దేశం ఎలాంటిదో చెప్పే కథ. ఆ కథకు ఇప్పుడు నాయకుడు బుద్ధుడు.

1956లో అయిపోయిన నిధులు

బుద్ధుణ్ని రాయబారిగా పంపడం ఇప్పటి ప్రభుత్వం కనిపెట్టిన సంగతి కాదు. 1952లో సాంచిలో సారిపుత్ర, మౌద్గల్యాయనుల ధాతువులను తిరిగి ప్రతిష్ఠించినప్పుడు బర్మా ప్రధాని యూ ను వచ్చారు. 1956లో బుద్ధుడి 2500వ జయంతిని నెహ్రూ ప్రభుత్వం ఘనంగా జరిపింది. దలైలామా, పంచెన్ లామా వచ్చారు. ఆసియా దేశాల నుంచి పండితులను పిలిచారు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాల మధ్య తన స్థానాన్ని చెప్పుకోవడానికి భారత్‌కు బుద్ధుడి కన్నా మంచి పరిచయ పత్రం దొరకలేదు.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో డాక్టర్ అంబేడ్కర్ నెహ్రూకు ఒక ఉత్తరం రాశారు. ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ పుస్తకం పూర్తయిందని, అచ్చు ఖర్చు భారీగా అయిందని చెప్పారు. జయంతికి వచ్చే విద్వాంసులకు, గ్రంథాలయాలకు పంచడానికి ప్రభుత్వం 500 ప్రతులు కొనగలదా అని అడిగారు. నెహ్రూ మరునాడే జవాబిచ్చారు. జయంతి ప్రచురణల కోసం పెట్టిన నిధులు అయిపోయాయని, నిజానికి దాటిపోయాయని రాశారు. ఉత్తరాన్ని జయంతి కమిటీ అధ్యక్షుడు రాధాకృష్ణన్‌కు పంపుతున్నానన్నారు. విదేశీయులు వచ్చే ఆ రోజుల్లో పుస్తకాన్ని అమ్మకానికి పెట్టుకోవచ్చని ఒక సలహా కూడా ఇచ్చారు. ప్రభుత్వం ప్రతులు కొనలేదు.

మరో నెలకు, అక్టోబర్ 14న, నాగపూర్‌లో లక్షల మంది దళితులు బాబాసాహెబ్‌తో కలిసి బౌద్ధం తీసుకున్నారు. ఆధునిక భారతంలో బుద్ధుడి పేరు మీద జరిగిన అతి పెద్ద ఘటన అది. ప్రభుత్వం అతిథులకు చూపించిన బుద్ధుడి కథలో దానికి చోటు లేదు. పైగా 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఆ లక్షల మందీ షెడ్యూల్డ్ కులాల హోదా పోగొట్టుకున్నారు. బౌద్ధం తీసుకున్న దళితులకు ఆ హోదా తిరిగి వచ్చింది 1990లో. ముప్పై నాలుగేళ్ల పాటు బయట బుద్ధుడు గౌరవ అతిథి, లోపల బుద్ధుణ్ని నమ్మినందుకు శిక్ష. పార్టీలు మారినా ఈ రెండు నాల్కల తీరు ఆనాడే స్థిరపడింది.

ధాతువుల ప్రయాణం

నేటి ప్రభుత్వం ఆ పాత పనిని పెద్ద ఎత్తున, పద్ధతిగా చేస్తోంది. విమానాశ్రయాలు, ధాతువులు, సదస్సులు, నిధులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

2020 సెప్టెంబర్‌లో శ్రీలంకతో బౌద్ధ సంబంధాల కోసం భారత్ కోటీ 50 లక్షల డాలర్లు ప్రకటించింది. 2021 అక్టోబర్‌లో కుశీనగర్ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు మొదట దిగిన విమానం శ్రీలంక భిక్షువులది. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీలో ప్రపంచ బౌద్ధ శిఖరాగ్ర సదస్సు జరిగింది. 2024 అక్టోబర్‌లో పాళీ భాషకు ప్రాచీన భాష హోదా ఇచ్చారు. బుద్ధుడి ధాతువులు 2012లో శ్రీలంకకు, 2022లో మంగోలియాకు, 2024లో థాయ్‌లాండ్‌కు, 2025లో వియత్నాం, భూటాన్‌లకు వెళ్లి వచ్చాయి. థాయ్‌లాండ్‌లో 40 లక్షలకు పైగా జనం వాటిని దర్శించుకున్నారు. ఏ మంత్రి ఉపన్యాసానికీ అంత జనం రారు. పొరుగు ప్రజల భక్తిని నేరుగా తాకే దౌత్యం ఇది.

వియత్నాం వెళ్లిన ధాతువుల చరిత్ర తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అవి సారనాథ్ విహారం నుంచి వెళ్లాయి. కాని బయటపడింది మన నాగార్జునకొండలో, 1927-31 మధ్య జరిగిన తవ్వకాల్లో. 1932లో వాటిని సారనాథ్‌లోని మహాబోధి సొసైటీకి అప్పగించారు. అదే నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనం ఒకటి ఉంది. బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యం కట్టించిన సంగతి అది చెబుతుంది. కృష్ణ ఒడ్డుకూ లంకకూ మధ్య అప్పుడే రాకపోకలు ఉన్నాయి. ఆ బంధానికి కర్త ఏ విదేశాంగ శాఖా కాదు, ఒక స్త్రీ. ఇప్పుడా లోయ చాలావరకు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది.

ఈ రాయబారం చెప్పే కథ ఒక్క వాక్యంలో ఇదీ: మేము ప్రపంచానికి యుద్ధాన్ని ఇవ్వలేదు, బుద్ధుణ్ని ఇచ్చాం. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ప్రధాని చెప్పిన సారాంశం కూడా అదే. వినడానికి బాగుంటుంది. కాని ఈ బుద్ధుడు శాంతి గురించి మాట్లాడతాడు, యోగా గురించి మాట్లాడతాడు, పర్యాటకం గురించి మాట్లాడతాడు. పుట్టుక వల్ల ఎవరూ అధములు కారన్న మాట మాత్రం అనడు. కులాన్ని తీసేసిన తరువాత మిగిలిన బుద్ధుడే ఎగుమతి అవుతున్నాడు.

అలాంటి బుద్ధుడు పొరుగు పాలకులకు కూడా సుఖంగా ఉంటాడు. శ్రీలంకలో సియామ్ నికాయ 18వ శతాబ్దం నుంచి గొవిగమ కులం వాళ్లకే ఉపసంపద ఇస్తూ వచ్చింది. బయట ఉంచిన కులాల వాళ్లు బర్మా వెళ్లి దీక్ష తీసుకుని అమరపుర నికాయ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి ఢిల్లీ అడగదు, ఢిల్లీ సంగతి కొలంబో అడగదు. 2017 సెప్టెంబర్‌లో రోహింగ్యాలు లక్షల్లో మయన్మార్ వదిలి పారిపోతున్న రోజుల్లోనే మన ప్రధాని బగాన్‌లోని ఆనంద ఆలయాన్ని సందర్శించారు. రోహింగ్యాల మీద సైన్యం సాగిస్తున్న దాడులను తప్పు పట్టలేదు. ప్రశ్నలు అడగని బుద్ధుడి వల్ల రెండు వైపుల పాలకులకూ లాభమే.

పొరుగువాళ్లు రెండు ముఖాలూ చూస్తారు

ప్రజా దౌత్యానికి ఒక బలహీనత ఉంది. ప్రజలతో నేరుగా మాట్లాడితే ప్రజలు కూడా నేరుగా చూస్తారు. 2015 ఏప్రిల్ భూకంపం తరువాత భారత సహాయ బృందాలు వెంటనే నేపాల్ చేరుకున్నాయి. అక్కడ మంచి పేరు వచ్చింది. అదే సమయంలో మన టీవీ చానళ్లు శిథిలాల మధ్య చేసిన హడావుడి చూసి, భారత మీడియా ఇంటికి వెళ్లిపో అంటూ నేపాలీ యువత సోషల్ మీడియాలో గళమెత్తింది. కొన్ని నెలలకే, కొత్త రాజ్యాంగం వచ్చిన సెప్టెంబర్‌లో, సరిహద్దు దిగ్బంధం మొదలైంది. గ్యాస్, పెట్రోలు, మందులు ఆగిపోయాయి. దిగ్బంధం చేసింది తాము కాదని, మధేశీ ఆందోళనకారులని భారత్ చెప్పింది. నేపాలీలు నమ్మలేదు. ఏళ్ల తరబడి అంబులెన్సులతో సంపాదించిన మంచితనం ఒక్క చలికాలంలో కరిగిపోయింది.

బుద్ధుడి విషయంలోనూ అంతే. 2020 ఆగస్టులో విదేశాంగ మంత్రి జైశంకర్ ఒక సభలో బుద్ధుణ్ని గొప్ప భారతీయుల్లో ఒకడిగా చెప్పగానే నేపాల్ అభ్యంతరం తెలిపింది. బుద్ధుడు నేపాల్‌లోని లుంబినిలో పుట్టాడన్న దాంట్లో సందేహం లేదని భారత విదేశాంగ శాఖ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. పొరుగువాడి గౌరవాన్ని తన ఖాతాలో రాసుకుంటే ఎవరూ ఊరుకోరు. 2023లో మాల్దీవుల ఎన్నికల్లో, 2024లో బంగ్లాదేశ్‌లో ‘ఇండియా ఔట్’ నినాదం వినిపించింది. అంతకు ముందు, 2021 జనవరిలో, కోవిడ్ టీకాలు మొదట పంపింది మాల్దీవులకు, భూటాన్‌కు. మరునాడే బంగ్లాదేశ్‌కు 20 లక్షల డోసులు కానుకగా వెళ్లాయి. కానుక గుర్తుంటుంది, పెత్తనం కూడా గుర్తుంటుంది.

ఇంట్లో బుద్ధుడికి అనుమతి పత్రం

ఇక ఇల్లు చూద్దాం. ముందుగా బుద్ధగయ. విదేశీ అతిథులు తప్పకుండా వెళ్లే చోటు. ఆ మహాబోధి ఆలయాన్ని 1949 నాటి చట్టం కింద ఒక కమిటీ నడుపుతుంది. ఎనిమిది మంది సభ్యుల్లో నలుగురు బౌద్ధులు, నలుగురు హిందువులు. అధ్యక్షుడు గయ జిల్లా కలెక్టర్. సభ్యులను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. కలెక్టర్ హిందువు కాకపోతే ఆ పదవికి వేరొక హిందువును పెట్టాలన్న నిబంధన 2013 దాకా ఉంది. ప్రపంచ బౌద్ధుల అతి పవిత్ర స్థలంలో బౌద్ధులకు సగం వాటానే. దీన్ని మార్చాలని 2025 ఫిబ్రవరి నుంచి భిక్షువులు, అంబేడ్కరీయ బౌద్ధులు బుద్ధగయలో నిరవధిక దీక్షకు కూర్చున్నారు. అదే సంవత్సరం ధాతువులు వియత్నాంలో, భూటాన్‌లో ప్రభుత్వ గౌరవాలు అందుకున్నాయి.

రెండోది గుజరాత్. 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకులను కట్టేసి కొట్టారు. ఆ కుటుంబం 2018లో బౌద్ధం తీసుకుంది. 2024 ఏప్రిల్‌లో గుజరాత్ హోం శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. బౌద్ధం వేరే మతమని, హిందువులు అందులోకి మారాలంటే మత స్వేచ్ఛ చట్టం కింద జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకోవాలని చెప్పింది. బౌద్ధాన్ని వేరే మతంగా ఒప్పుకున్నందుకు కొందరు బౌద్ధులు సంతోషించారు కూడా. కాని దాని అర్థం చూడండి. బుద్ధుడి ధాతువు సరిహద్దు దాటితే మంత్రులు వెంట వెళ్తారు. దళితుడు బుద్ధుడి దగ్గరికి వెళ్లాలంటే కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి.

మూడోది ఢిల్లీ. 2022 అక్టోబర్‌లో అంబేడ్కర్ భవన్‌లో వేల మంది బౌద్ధ దీక్ష తీసుకున్నారు. 1956లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలే అక్కడా చదివారు. ఆ సభకు వెళ్లినందుకు ఢిల్లీ మంత్రి రాజేంద్ర పాల్ గౌతమ్ మీద దుమారం రేగింది. కొద్ది రోజుల్లోనే ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆయన పార్టీ కేంద్రంలో ఉన్న పార్టీకి ప్రత్యర్థి. అయినా ఆయన పక్కన నిలబడలేదు. ఆరు నెలలు తిరిగేసరికి అదే నగరంలో ప్రపంచ బౌద్ధ సదస్సు జరిగింది. 22 ప్రతిజ్ఞలు చదివిన వాళ్ల బుద్ధుడు, సదస్సులో దీపం వెలిగించిన వాళ్ల బుద్ధుడు ఒకే ఊళ్లో ఉండి కూడా ఒకరికొకరు ఎదురుపడలేదు.

జెనీవాలో అసలు మాట

పొరుగు దేశాల్లో బుద్ధుణ్ని ముందు పెట్టే రాజ్యం, ఐక్యరాజ్యసమితిలో కులం మాట వచ్చినప్పుడు తలుపు వేస్తుంది. 2001లో డర్బన్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా ప్రపంచ సదస్సు జరిగింది. దాదాపు రెండు వందల మంది దళిత ప్రతినిధులు అక్కడికి వెళ్లారు. కారంచేడు, చుండూరు తరువాత ఎదిగిన తెలుగు ఉద్యమకారులూ వాళ్లలో ఉన్నారు. కులం జాతి కాదు, అది మా అంతర్గత విషయం అని వాజ్‌పేయి ప్రభుత్వం పట్టుబట్టింది. సదస్సు తుది పత్రంలో కులం చేరలేదు.

2006 డిసెంబర్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ ఢిల్లీలో ఒక సభలో అంటరానితనాన్ని దక్షిణాఫ్రికా అపార్థీడ్‌తో పోల్చారు. రెండు నెలలకే, 2007 ఫిబ్రవరిలో, జెనీవాలో జాతి వివక్ష నిర్మూలన కమిటీ ముందు ఆయన ప్రభుత్వ ప్రతినిధులు పాత పాటే పాడారు. కులం ఆ ఒప్పందం పరిధిలోకి రాదన్నారు. ఇంట్లో ఒప్పుకున్నది వీధిలో ఒప్పుకోలేదు.

ఈ గోడకు మొదటి బీట పెట్టింది ఒక చిన్న పొరుగు దేశం. 2009 సెప్టెంబర్‌లో, పని, పుట్టుకల ఆధారంగా జరిగే వివక్షను నిర్మూలించడానికి ఐక్యరాజ్యసమితి రూపొందించిన ముసాయిదా సూత్రాలను నేపాల్ బహిరంగంగా సమర్థించింది. భారత్ వాటిని ఒప్పుకోలేదు. నేపాల్‌లో కుల హింస లేదని కాదు. 2020 మేలో రుకుం పశ్చిమ్‌లో వేరే కులం అమ్మాయిని ప్రేమించిన దళిత యువకుడు, అతనితో వెళ్లిన స్నేహితులు కలిపి ఆరుగురు గుంపు దాడికి బలయ్యారు. అయినా ఆ దేశం తన రోగాన్ని రోగమని ఒప్పుకుంది. 2011లో అంటరానితనం మీద ప్రత్యేక చట్టం తెచ్చింది. 2015 రాజ్యాంగంలో దళితుల హక్కులకు ఒక అధికరణం కేటాయించింది. పెద్ద దేశం చేయలేని పని చిన్న దేశం చేసింది.

అంతర్జాతీయ దళిత సంఘీభావ సంస్థ ఐక్యరాజ్యసమితిలో సంప్రదింపుల హోదా కోసం 2008లో దరఖాస్తు పెట్టుకుంది. భారత్ ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ పోయింది. హోదా దొరికింది 2022 డిసెంబర్‌లో. లుంబినిలో శంకుస్థాపన జరిగిన సంవత్సరమే అది. అప్పటికి పద్నాలుగేళ్లు గడిచాయి.

ప్రభుత్వం అంబేడ్కర్‌ను పూర్తిగా దాచిపెడుతుందని కూడా అనలేం. 2016 ఏప్రిల్ 13న న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో భారత శాశ్వత ప్రతినిధి బృందం ఆయన 125వ జయంతి జరిపింది. మరునాడు, ఏప్రిల్ 14న, ముంబైలో రోహిత్ వేముల తల్లి రాధిక, తమ్ముడు రాజా బౌద్ధ దీక్ష తీసుకున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ చనిపోయి అప్పటికి మూడు నెలలు కాలేదు. రెండు చోట్లా అంబేడ్కర్ బొమ్మకే పూలదండ వేశారు. ఒక అంబేడ్కర్ దేశానికి కీర్తి తెచ్చే రాజ్యాంగ నిర్మాత. రెండో అంబేడ్కర్ బిడ్డను పోగొట్టుకున్న తల్లికి దారి చూపిన మనిషి. బయటికి వెళ్లేది మొదటి ఆయనే.

సరిహద్దు అవతలి మనవాళ్లు

పొరుగు దేశాల దళితులను ఈ దౌత్యం అసలు పట్టించుకోదా? అవసరమైనప్పుడు పట్టించుకుంటుంది. 2021 మార్చి 27న ప్రధాని బంగ్లాదేశ్‌లోని ఒరాకాందికి వెళ్లారు. మతువా సంప్రదాయాన్ని స్థాపించిన హరిచాంద్ ఠాకూర్ పుట్టిన ఊరు అది. మతువాల్లో ఎక్కువ మంది నామశూద్రులు. 1946లో అంబేడ్కర్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు పంపడంలో ముందు నిలిచిన జోగేంద్రనాథ్ మండల్ ఆ నామశూద్రుల నాయకుడే. ఆ ఊరికి ఒక భారత ప్రధాని వెళ్లడం మామూలుగా అయితే సంతోషించాల్సిన సంగతి. కాని అదే రోజు పశ్చిమ బెంగాల్‌లో తొలి దశ పోలింగ్. సరిహద్దు ఇవతల మతువా ఓట్లు ఎన్నో సీట్లను తేలుస్తాయి. పొరుగు దేశపు గుడిలో చేసిన నమస్కారం సొంత దేశపు ఓటరు కోసం.

మరి అదే బంగ్లాదేశ్‌లో తెలుగు మాట్లాడే దళితులున్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? బ్రిటిష్ కాలంలో ఊడ్చే పనికి, తేయాకు తోటల పనికి తీసుకెళ్లిన వాళ్ల మనవలు, మునిమనవలు వాళ్లు. ఢాకాలో ధోల్‌పూర్ దగ్గర తెలుగు కాలనీ ఉంది. తరాలుగా ఆ నగరాన్ని శుభ్రం చేసిన చేతులు వాళ్లవి. 2023 ఫిబ్రవరిలో నగరపాలక సంస్థ కాలనీ ఖాళీ చేయమనడంతో వందకు పైగా కుటుంబాలు వీధిన పడే స్థితి వచ్చింది. వాళ్లకు ఇవతల ఓటు బ్యాంకు లేదు. ప్రవాస తెలుగువాళ్లంటే అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే గుర్తొచ్చే మన రెండు రాష్ట్రాల నాయకులకు ఢాకా కాలనీ పేరు కూడా తెలిసినట్టు లేదు.

శ్రీలంక తేయాకు కొండల్లోని తమిళుల కథ ఇంకా పాతది. వాళ్లలో చాలామంది దళిత కులాల వాళ్లు. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకుని 5,25,000 మందిని భారత్‌కు, 3,00,000 మందిని లంకకు పంచుకున్నారు. ఆ మనుషులను ఎవరూ అడగలేదు. 2017లో వెసాక్ పండుగకు కొలంబో వెళ్లిన మోదీ ఆ కొండలకు కూడా వెళ్లి, డికోయాలో ఆసుపత్రి ప్రారంభించి, మరో పది వేల ఇళ్లు ప్రకటించారు. ఇళ్లు కావాలి, మంచిదే. అక్కడ వాళ్లు భారత సంతతి వారు. వాళ్ల తాతలు ఏ కులం బాధ, ఏ ఆకలి తట్టుకోలేక ఓడ ఎక్కారో ఆ ప్రసంగాల్లో రాదు.

మన రాయబారం మనదే

ఇదంతా చదివి బుద్ధుణ్ని ప్రభుత్వానికే వదిలేద్దామని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఒక రాజ్యం తన పరువును బుద్ధుడి మీద పెట్టిందంటే, ఆ బుద్ధుడి పేరుతోనే దాన్ని నిలదీసే వీలు మనకు దొరికినట్టే. ధాతువులను దర్శించుకున్న లక్షల మందికి బుద్ధగయ చట్టం గురించి తెలియాలి. మొట్టమొదట బుద్ధగయ కోసం పోరాడిన అనగారిక ధర్మపాల లంక నుంచి వచ్చినవాడే. 1891లో మహాబోధి సొసైటీ పెట్టింది అందుకే. ఆ పాత బంధాన్ని ఈనాటి లంక, థాయ్, నేపాల్ బౌద్ధులకు గుర్తు చేయగలిగింది మనమే.

విద్యార్థులు చేయగల పనులు చాలా ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల్లోకి నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక నుంచి స్కాలర్‌షిప్పుల మీద పిల్లలు వస్తున్నారు. వాళ్లకు ఈ దేశం గురించి చెప్పేది సాంస్కృతిక ఉత్సవాలు మాత్రమే కాకూడదు. అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ సభల్లో వాళ్లకు కుర్చీ వేయండి. వాళ్ల దేశంలో కులం ఎలా ఉందో అడగండి, మన దగ్గర ఎలా ఉందో చెప్పండి. నేపాల్ 2011 చట్టాన్ని తెలుగులోకి తెచ్చుకుందాం. ఢాకా తెలుగు కాలనీ పిల్లల చదువు గురించి మన రెండు ప్రభుత్వాలను అడుగుదాం. ప్రజా దౌత్యం ప్రజలదే అయితే అందులో మన వంతు ఉండాలి కదా.

ఈ దారి బాబాసాహెబ్ చూపినదే. 1950లో ఆయన కొలంబో వెళ్లారు, 1954లో రంగూన్ వెళ్లారు. 1956 నవంబర్‌లో, ఒంట్లో శక్తి లేని స్థితిలో, ప్రపంచ బౌద్ధ సమ్మేళనం కోసం కాఠ్‌మాండూ వెళ్లారు. అప్పటికి నేపాల్‌లో 1854 నాటి ముల్కీ ఐన్ అమల్లో ఉంది. కులాల మెట్లను చట్టంలోనే రాసిన ధర్మశాస్త్రం అది. 1963 దాకా అది మారలేదు. అలాంటి దేశంలో నిలబడి ఆయన బుద్ధుడి గురించి, మార్క్స్ గురించి, దుఃఖం గురించి, దోపిడీ గురించి మాట్లాడారు. ఏ ప్రభుత్వమూ ఆయన చేత ఆ మాట పలికించలేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన సారనాథ్, కుశీనగర్ చూసుకుని ఢిల్లీ చేరారు. వారం తిరగకముందే, డిసెంబర్ 6న, కన్నుమూశారు. ప్రభుత్వం 500 ప్రతులు కొనలేనన్న పుస్తకం మరుసటి ఏడాది అచ్చయింది. అరవై ఆరేళ్ల తరువాత ఒక ప్రధాని హెలికాప్టర్ అదే కుశీనగర్ నుంచి లేచి నేపాల్ వైపు వెళ్లింది. ఆ హెలికాప్టర్‌లో బుద్ధుడి పేరు ఉంది, ఆ పుస్తకంలోని బుద్ధుడు లేడు. ఆయన్ను పొరుగు ప్రజల దగ్గరికి తీసుకెళ్లే పని ఇంకా మిగిలే ఉంది, అది మన మీదే ఉంది.